ఆ గొంతు నాది కాదు

డెబ్బై ఎనిమిది చలికాలంలో పెళ్ళయి అమెరికాలో నేపర్‌విల్ వచ్చాను. వచ్చిన రెండో వారమే ఒక తెలుగువాళ్ళింట్లో భోజనానికి పిలిచారు. నేనింకా బూట్లయినా విప్పుకోలేదు, గుమ్మంలోనే ఉన్నాను. ఆ ఇంటాయన చేతులు అడ్డం పెట్టి, "బేబీ గారూ, ఫస్ట్ ఆ కోర్టు సీను డైలాగు చెప్పండి. అప్పుడే లోపలికి ఎంట్రీ!" అన్నాడు. ఆయన వెనక పదిమంది నవ్వుతూ నిలబడ్డారు. తలుపు బార్లా తెరిచే ఉంది, మంచుగాలి వీపు కోసేస్తోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త పెళ్ళికూతుర్ని కదా, ఏమంటాను? నవ్వాను.

నేనెవరో చెప్పలేదు కదూ. నాలుగో ఏట నుంచి పదకొండో ఏడు వచ్చేదాకా మద్రాసులో తెలుగు సినిమాల్లో వేషాలు వేశాను. తెర మీద నా పేరుకి ముందు "బేబీ" అని పడేది గానీ, వేసినవి చాలావరకు మగపిల్లాడి వేషాలే. మగపిల్లలు సెట్టు మీద కుదురుగా ఉండరు, ఆడపిల్లయితే కూర్చోమంటే కూర్చుంటుందని మా అమ్మతో ఎవరో అన్నారట. అంతే, మర్నాడే నాకు క్రాపు చేయించింది. పదకొండో ఏట ఒక్కసారిగా పొడుగు సాగాను. నిక్కరు, చొక్కా నప్పడం మానేశాయి. "ఇక చాలమ్మా" అని కూడా ఎవరూ అనలేదు. రోజూ పొద్దున ఏడింటికి కంపెనీ కారు వచ్చేది. ఒకరోజు రాలేదు. తల దువ్వించుకుని, పౌడరు రాయించుకుని, పదకొండు దాకా మెట్ల మీదే కూర్చున్నాను. ఆ తర్వాత మా అమ్మ వచ్చి, "లోపలికి రావే, ఎండెక్కింది" అంది.

నేను వేసిన సినిమాల్లో ఒకటి బాగా ఆడింది. అందులో నేను అనాథ కుర్రాణ్ణి. కోర్టు బోనులో నిలబడి జడ్జిగారిని నిలదీస్తాను: "అయ్యా! నన్ను కొట్టిన చెయ్యి ఎవరిదని అడిగారు. నాకు అన్నం పెట్టిన చెయ్యి ఎవరిదని ఒక్కరైనా అడిగారా?" ఆ మాటకి హాల్లో ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేవారట. పెళ్ళిపందిళ్ళలో ఆ సీను రికార్డు వేసేవారు. నేపర్‌విల్ గుమ్మంలో ఆయన అడిగింది ఆ మాటే.

అసలు సంగతేమిటంటే, ఆ మాట నేను ఏనాడూ అనలేదు.

అప్పటికి నాకు ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. "జడ్జి" అనమంటే "దడ్డి" అనేదాన్ని. అంత పొడుగు డైలాగు గుర్తుండేదీ కాదు. పది టేకులయ్యాక అసిస్టెంటు డైరెక్టరు నా ముందు గొంతుక్కూర్చుని, "డైలాగు వద్దులే బేబీ. అంకెలు వచ్చు కదా? ఒకటి నుంచి ఇరవై దాకా చెప్పు. కోపంగా చెప్పు. చివరికొచ్చేసరికి ఏడుపు గొంతుతో చెప్పు. మాటలు తర్వాత పెట్టుకుంటాం" అన్నాడు. జడ్జి వేషం వేసినాయన కళ్ళలోకి చూస్తూ, కళ్ళెర్రజేసి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టాను. పదహారు దగ్గర ఏడుపు తెచ్చుకున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఏ సినిమాకైనా అదే పద్ధతి. నా నటజీవితమంతా ఒకటి నుంచి ఇరవై దాకానే.

ఆ సినిమా హాల్లో చూసినప్పుడు నాకు ఏడేళ్ళు. తెర మీద నా నోరు కదులుతోంది, అందులోంచి ఎవరి గొంతో వస్తోంది. భయమేసి మా అమ్మ చెయ్యి పట్టుకుని, "ఎవరే మాట్లాడేది?" అని అడిగాను. "నువ్వేనే, నోర్మూసుకుని చూడు" అంది. అమ్మ చెప్పింది కదా అని కొన్నాళ్ళు నమ్మాను. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి ఆ గొంతు కోసం ప్రయత్నం చేసేదాన్ని. ఏం లాభం, రాలేదు.

అమెరికాలో ఈ అంకెల కథ ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళంతా విరగబడి నవ్వేవారు. "భలే జోక్ చేస్తారండీ!" అనేవారు. "జోకు కాదండీ, ఆ గొంతు నాది కాదు, ఎవరో డబ్బింగ్ చెప్పారు" అంటే, "చూశారా, ఎంత వినయమో! ఇప్పటి ఆర్టిస్టులకి ఇది ఉందా?" అని పక్కవాళ్ళకి చూపించేవారు. మనవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. "నాకు పాడటం రాదండీ" అంటే అది పాటకి ముందు అనే మాటే అనుకుంటారు. నిజంగా రానివాడు ఏమని చెప్పుకోవాలి? మా ఆయన కూడా కారులో విసుక్కునేవారు. "అదేదో చెప్పేస్తే పోతుందిగా, ఎందుకంత రాద్ధాంతం?" విసుగెత్తి ఒకచోట నిజంగానే చెప్పేశాను. అందరూ మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒకావిడ నా భుజం తట్టి, "వాయిస్ కాస్త ఛేంజ్ అయిందండీ. ఏజ్ కదా" అంది. నాకప్పుడు పాతికేళ్ళు!

ఐదేళ్ళు అలా గడిచాయి. ఎనభై మూడు వేసవిలో తెలుగువాళ్ళ పిక్నిక్ పెట్టారు. పార్కులో బల్లల మీద అల్యూమినియం ట్రేలు వరసగా పెట్టి ఉన్నాయి. ప్లేటు పట్టుకుని నిలబడ్డాను. వెనక నుంచి ఎవరో, "అమ్మాయ్, ఆ పులిహోర ట్రే కాస్త ఇటు జరుపు" అన్నారు.

నా చేతిలో ప్లేటు వంగిపోయి అప్పడం గడ్డిలో పడింది. గొంతు బొంగురుగా ఉంది, ముసలిదైంది, అయినా ఆ గొంతే. ఏడేళ్ళప్పటి నుంచి నన్ను వెంటాడుతున్న గొంతును నేను గుర్తుపట్టనా? వెనక్కి తిరిగాను. అరవై దాటిన మనిషి. నేత చీర మీద మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి మేజోళ్ళు, వాటి మీద హవాయి చెప్పులు. నేను తెల్లబోయి చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కూడా చూసింది, నా కళ్ళలోకి కాదు, నోటి వంక.

"నువ్వు... బేబీవి కదూ?" అంది. "అవునండీ" అన్నాను. "నీ ఇల్లు బంగారం గానూ! నోరు తెరిస్తే చాలు, కింది పెదవి ఎడమ పక్కకి లాగుతావు. ఆ లాగుడుతో నన్ను చంపుకుతిన్నావే! మాట అయిపోయేది, నీ పెదవి ఇంకా కదుల్తానే ఉండేది!" అని నా బుగ్గ పట్టుకుని ఊపింది. నేను ఆ వరసలోనే నిలబడి ఏడ్చేశాను. వెనకవాళ్ళు పులిహోర కోసం మమ్మల్ని తప్పించుకుని వెళ్ళిపోయారు.

ఆవిడ తెనాలి దగ్గర మనిషి. చిన్నప్పుడే నాటకాల కంపెనీలో చేరింది. చదువు లేదు. సంతకం కూడా వేలిముద్రే. డైలాగులు ఎవరైనా చదివి వినిపిస్తే ఒక్కసారికే పట్టేసేది. నాటకాలు పడిపోయాక మద్రాసు చేరి, చిన్నపిల్లల పాత్రలకి గొంతు చెప్పింది. ఒక్క సినిమాలోనూ ఆవిడ పేరు వేయలేదు. కూతుర్ని గుంటూరులో మిషన్ హాస్టల్లో పెట్టి చదివించింది. ఆ కూతురు నర్సయి, ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తూ, తల్లిని ఆ ఏడే తెచ్చుకుంది. ఆ అమ్మాయి ఒకసారి నాతో చెప్పింది. "హాస్టల్లో మీ సినిమా వేశారు అక్కా. ఆ గొంతు మా అమ్మదే అన్నాను. అబద్ధాలాడుతున్నానని వార్డెన్ చేత మోకాళ్ళ మీద నిలబెట్టించారు. అప్పటి నుంచి ఎవరికీ చెప్పలేదు."

నేను అప్పుడొక ఆఫీసులో కంప్యూటరు కార్డులకి చిల్లులు కొట్టే కీపంచ్ ఆపరేటర్ని. శుక్రవారాలు సెలవు. ప్రతి శుక్రవారం ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ మాత్రం నన్ను "ఒసే బేబీ" అనే పిలిచేది. మద్రాసు వదిలాక ఆ పిలుపులో ప్రేమ వినడం అదే మొదటిసారి. కూతురు డ్యూటీకి వెళ్ళిపోతే ఆ అపార్ట్‌మెంటులో ఆవిడతో మాట్లాడేవాళ్ళు లేరు. నేను వెళ్ళేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కింద వెళ్ళే జనం నోళ్ళకి తన మాటలు పెడుతూ ఉండేది. పార్కింగ్‌లో కొట్లాడుకుంటున్న అమెరికా మొగుడూ పెళ్ళాలకి అచ్చతెనాలి తెలుగులో డబ్బింగ్! "ఏవయ్యా, పొద్దున్నుంచి పీపాడు కాఫీ తాగావు, వంకాయలు మాత్రం మర్చిపోయావా?" నేను కింద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వేదాన్ని.

"డబ్బింగు హాల్లో నీ మొహం అంతెత్తున కనబడేదే. నువ్వు అంకెలు చెబుతున్నావని నాకు తెలుసు. 'ఏడు' దగ్గర నీ నోరు సాగేది, అక్కడ 'అన్నం' పెట్టాను. అతికినట్టు కూచుంది" అని చెప్పేది. అప్పట్లో మనం ఒక్కసారైనా ఎందుకు కలవలేదని నేను అడిగితే, "పిల్లని చూపించమని అడిగాను. గొంతు మనిషి ఎదురుగా ఉంటే పిల్ల బెదురుతుందన్నారు" అంది.

మధ్యమధ్య దగ్గేది. చలిదేశం, పొడి దగ్గు అనేది. అల్లం, మిరియాలు అన్నీ అయ్యాయి. అక్టోబరులో కూతురు తను పనిచేసే చోట చూపించింది. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆ అమ్మాయి డ్యూటీకి వెళ్ళకుండా వంటింట్లో నిలబడి ఉంది. స్వరపేటికలో గడ్డ ఉందట, మంచిది కాదట. గొంతు మొత్తం తీసేయాలట. మెడకి రంధ్రం పెడతారు, దాంట్లోంచి ఊపిరి. "వెయిట్ చేస్తే స్ప్రెడ్ అవుతుందన్నారు అక్కా. నవంబరు థర్డ్ ట్యూస్‌డే డేట్ ఇచ్చారు. నేనే సైన్ చేశాను. ఇంకేం చేయను చెప్పండి?" అని సింకు పట్టుకుని ఏడ్చింది. మాట్లాడటం ఒక్కటే వచ్చిన మనిషికి మాట తీసేయడానికి కన్నకూతురే సంతకం పెట్టాల్సి వచ్చింది.

హాల్లోకి వెళితే ఆవిడ మామూలుగానే ఉంది. "విన్నావా బేబీ? నా నోరు మూయించడానికి ఇంతదూరం తెచ్చింది నా కూతురు" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపి నా మోకాలి మీద చెయ్యి వేసింది. "పోతే పోనీలేవే. కానీ ఒక్క కోరిక ఉంది. పదిమంది ముందు నిలబడి ఆ మాట చెప్పి, ఇది నాదే అని అనిపించుకోవాలి. ఒక్కసారి చాలు. తర్వాత కోసుకోనీ" అంది. కేసెట్టులో రికార్డు చేసి పెట్టుకుందాం పిన్నిగారూ అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. "డబ్బాల్లో పెట్టింది చాల్లే! నలభై సినిమాల డబ్బాల్లో పెట్టాను. ఒక్కడైనా నాదన్నాడా? జనం కావాలే నాకు, జనం!"

సరే అన్నాను. అనకుండా ఎలా ఉంటాను? ఆ మాట పేరు చెప్పి జీవితమంతా మర్యాదలు తిన్నదాన్ని నేను.

ఆపరేషనుకి మూడు రోజుల ముందు శనివారం మధ్యాహ్నం తెలుగువాళ్ళ దీపావళి ఫంక్షను, హైస్కూలు ఆడిటోరియంలో. కల్చరల్ సెక్రటరీకి ఫోన్ చేశాను. మంచివాడే, కానీ ఎదుటివాళ్ళ మాట సగం వినగానే మిగతా సగం తనే చెప్పేసే రకం. "పిక్నిక్‌కి వచ్చారే పెద్దావిడ, నా సినిమాకి గొంతు..." అన్నానో లేదో, "ఓ, మీ గొంతు చేస్తారా? సూపర్ అండీ! ఫైవ్ మినిట్స్ స్లాట్ ఇస్తా. పిల్లల డాన్స్‌కీ లంచ్ బ్రేక్‌కీ మధ్య పెట్టేస్తా" అన్నాడు. "అలా కాదండీ, ఆ గొంతే ఆవిడది" అన్నాను. "అర్థమైంది, అర్థమైంది, డోంట్ వర్రీ" అని పెట్టేశాడు. నాకు అనుమానం వచ్చింది. మళ్ళీ చేస్తే లైను బిజీ.

శనివారం ఆవిడ తెల్లటి జరీ చీర కట్టుకుంది. పొద్దున్నుంచి మాట్లాడలేదు, గొంతు దాచుకుంది. ఫ్లాస్కులో మిరియాల కషాయం పోసుకుని గుక్క గుక్కగా తాగుతూ కూర్చుంది. కూతురు పక్కన చేతులు నలుపుకుంటోంది. గుమ్మం దగ్గర ప్రోగ్రాం కాగితాలు పంచుతున్నారు. చేతిరాతతో రాసి కాపీలు తీసిన కాగితం. అందులో తొమ్మిదో ఐటమ్ దగ్గర మా పిన్నిగారి పేరు, దాని పక్కన ఒకే ఒక్క మాట: "మిమిక్రీ".

సెక్రటరీ కోసం పరిగెత్తాను. ఆయన మైకు వైర్ల మధ్య ఉన్నాడు. "ఇది మిమిక్రీ కాదండీ! ఒరిజినలే ఆవిడ!" అన్నాను. "మేడమ్, పేపర్లు ప్రింట్ అయిపోయాయి. మీరే స్టేజ్ మీద ఇంట్రడ్యూస్ చేసి చెప్పండి, బావుంటుంది" అన్నాడు. నిజమే కదా, నేనే చెబుతాను, నా నోటితో చెబితే నమ్మక చస్తారా అనుకున్నాను. అక్షరాలు రావు కనుక పిన్నిగారికి ఆ కాగితంలో ఏముందో తెలియదు. మడిచి బొడ్లో దోపుకుంది.

తొమ్మిదో ఐటమ్ వచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని స్టేజి ఎక్కాను. మైకు ముందు నిలబడ్డాను. ఒక్క గుక్కలో చెప్పేశాను. "ఇన్నాళ్ళూ మీరంతా నా గొంతు అనుకుంటున్నది నాది కాదు. నేను అంకెలు లెక్కపెట్టాను. ఆ మాట మాట్లాడింది ఈవిడ. మీరు చప్పట్లు కొట్టాల్సింది నాకు కాదు, ఈవిడకి. దయచేసి నమ్మండి."

హాలు చప్పట్లతో మోగిపోయింది. బతికాననుకున్నాను. సెక్రటరీ పరిగెత్తుకొచ్చి మైకు అందుకున్నాడు. "చూశారా ఫ్రెండ్స్! ఎంత హంబుల్! ఒక కొత్త ఆర్టిస్ట్‌ని ఎంకరేజ్ చేయడానికి 'నా గొంతు నాది కాదు, ఈవిడదే' అనేశారు! దీన్నంటారు గొప్ప మనసు అని. బేబీ గారికి ఇంకోసారి బిగ్ హ్యాండ్!" నేను "కాదు, కాదు" అంటూనే ఉన్నాను. మైకు ఆయన చేతిలో ఉంది. నా నోరు కదలడమే కనిపించి ఉంటుంది జనానికి.

పిన్నిగారు నా వంక చూడలేదు. ఆయన స్టాండుకి పెట్టేసిన మైకు దగ్గరికి జరిగి, కొంగు బిగించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, ఆ మాట చెప్పింది.

బొంగురు ఎటు పోయిందో! ఎనిమిదేళ్ళ కుర్రాడు అక్కడ నిలబడి అడుగుతున్నాడు. "అన్నం" దగ్గర ఆ గొంతు పగిలిన చోట నా మెడ మీద వెంట్రుకలు లేచాయి. ఆ మాట చెబుతూ ఉంటే ఎదురుగా నిలబడి వినడం నాకదే మొదటిసారి. నేను నటించిన సీను నాకు ఇరవై ఏళ్ళ తర్వాత అర్థమైంది. ముందు వరసలో ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

జనం లేచి నిలబడ్డారు. "వన్స్ మోర్!" అన్నారు. "అచ్చం బేబీ గారేనండీ!" "కళ్ళు మూసుకుంటే తేడా తెలియలేదు!" సెక్రటరీ ఉబ్బితబ్బిబ్బయిపోయి, "కార్బన్ కాపీ! బేబీ గారూ, మీరు జాగ్రత్త, మీకు కాంపిటీషన్ వచ్చేసింది!" అన్నాడు. అందరూ నవ్వారు. పిన్నిగారి మొహం నేను చూశాను. మొదట అర్థం కాలేదు ఆవిడకి. తర్వాత అర్థమైంది.

వెనక నుంచి ఎవరో కేకేశారు. "అమ్మగారూ, రైలు! రైలు చేయండి!" ఇంకొకరు, "అవును, మిమిక్రీ అంటే రైలుండాలి!" పిల్లలు కూడా అందుకున్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలు, కోర్టు డైలాగులో ఒక్క ముక్కా అర్థం కాక కుర్చీల్లో పొర్లుతున్నవాళ్ళు, "ట్రెయిన్! ట్రెయిన్!" అని చప్పట్లు మొదలెట్టారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, "వద్దు పిన్నిగారూ, దిగిపోదాం రండి" అన్నాను. నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది. నాటకాల మనిషి, జనం అడిగితే లేదనడం తెలియదు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని రైలు చేసింది. స్టేషను నుంచి కదలడం, చక్రాల చప్పుడు, వంతెన మీద మోత, దూరంగా కూత. కూత దగ్గర గొంతు చీరుకుపోయి దగ్గు వచ్చింది. ఆ దగ్గు కూడా ఇంజను ఆగడం అనుకుని పిల్లలు కేరింతలు కొట్టారు. "అగైన్! అగైన్!" అన్నారు.

కూతురు ముందు వరసలో మొహం చేతుల్లో పెట్టుకుని కూర్చుంది.

కారులో వెనక సీట్లో ఆవిడ పక్కన కూర్చుని నేను ఏడుస్తూనే ఉన్నాను. ఆవిడ మీద ఏడుపు కాదు, నా మీద నాకే కోపం. ఒక్క మాట జనం చేత నమ్మించలేకపోయిన నోరు ఇది. "ఊరుకో బేబీ. చప్పట్లయితే కొట్టారుగా" అంది, మళ్ళీ ఆ బొంగురు గొంతుతో. కాసేపాగి, "రైలు బాగా కుదిరిందా?" అంది. బాగుంది అన్నాను. "చిన్నప్పుడు కంపెనీలో చేసేదాన్ని. ఇన్నేళ్ళకి మళ్ళీ వచ్చింది" అని కిటికీ వైపు తిరిగింది. మరుసటి రోజూ, ఆ పై రోజూ నేను వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఆ రెండు రోజులూ ఆవిడ మాట్లాడగలిగిన ఆఖరి రోజులు. కూతురు డ్యూటీలో ఉంది. నేను ఇంట్లో కూర్చుని నా సిగ్గు నేను చూసుకున్నాను. ఈ ఒక్క విషయంలో నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

మంగళవారం ఆపరేషన్ అయింది. శుక్రవారం వెళ్ళాను. మెడ చుట్టూ కట్లు, మధ్యలో గొట్టం, అందులోంచి ఊపిరి గురగురమంటోంది. కూతురు మూడు రోజులుగా కళ్ళు మూయలేదు, నన్ను కూర్చోబెట్టి కాఫీ తెచ్చుకోవడానికి కిందికి వెళ్ళింది. మంచం మీద పలక, మార్కరు పెట్టి ఉన్నాయి. రాయడం వచ్చినవాళ్ళకి అవి. బొమ్మల అట్ట ఒకటి ఇచ్చారు: గ్లాసు, మంచం, దుప్పటి, నొప్పితో మొహం ముడుచుకున్న మనిషి.

నన్ను చూసి ఆవిడ కళ్ళు వెలిగాయి. పెదవులు కదిలించింది. చప్పుడు లేదు. "ఏమిటి పిన్నిగారూ?" అన్నాను. మళ్ళీ కదిలించింది, మెల్లగా, చిన్నపిల్లకి చెప్పినట్టు విడివిడిగా. నేను వంగి ఆ పెదవుల వంకే చూశాను. నా నోరు చూసి మాటలు కట్టిన మనిషి ఆవిడ. నాకు ఒక్క అక్షరం అందలేదు.

"మంచినీళ్ళా?" తల అడ్డంగా ఊపింది. "దిండు సర్దనా? నొప్పిగా ఉందా? అమ్మాయిని పిలవనా?" కాదు, కాదు, కాదు. అట్ట చూపించాను. అట్టని చేత్తో తోసేసింది. నా మణికట్టు పట్టుకుని మూడోసారి చెప్పింది. చిన్న మాట కాదది, పెద్ద వాక్యమే. చివర్లో ప్రశ్న ఉందో, కోపం ఉందో. "ఇంకోసారి చెప్పండి పిన్నిగారూ, ఇంకొక్కసారి" అని బతిమాలాను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే అసలు ఏమీ కనిపించలేదు.

అప్పుడే డ్యూటీ నర్సు వచ్చింది. తెల్లమ్మాయి, నవ్వుమొహం. గొట్టం సరిచేస్తూ, ఆవిడ పెదవులు కదలడం చూసి, ఏమంటున్నారు అని నన్ను ఇంగ్లీషులో అడిగింది. నాకు తెలియడం లేదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఈవిడ భాష నాకు తెలుసు, ఊరు తెలుసు, గొంతు తెలుసు, ఆ గొంతు మీదే నేను బతికాను. తెలియదని ఎలా చెప్పను?

"మీకు థ్యాంక్యూ చెబుతున్నారు" అన్నాను.

నర్సు సంతోషపడి, ఆవిడ బుగ్గ నిమిరి, యూ ఆర్ వెల్‌కమ్ మమ్మా అని వెళ్ళిపోయింది.

థ్యాంక్యూ అన్న మాట పిన్నిగారికి తెలుసు. ఈ దేశంలో ఆవిడ నేర్చుకున్న ఇంగ్లీషు అదొక్కటే. నా మణికట్టు మీద నుంచి చెయ్యి తీసేసింది. నా నోటి వంక ఒకసారి చూసింది. పెదవులు మూసుకుని గోడ వైపు తిరిగింది.